దాతల సొమ్ముకు దారి వేసిన దుర్గాబాయి

న్యూఢిల్లీ: ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో ప్రయాణించేవారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ సుపరిచితమే. రోజూ వేలాది విద్యార్థులు ఎక్కి దిగే ఆ స్టేషన్‌కు పేరిచ్చిన మహిళ రాజమండ్రిలో పుట్టిన తెలుగు ఆడపడుచు. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె అందరికీ తెలుసు. అయితే రాజధానిలో ఆమె చేసిన మరో పెద్ద పని అంతగా ప్రచారంలోకి రాలేదు. సేవా సంస్థలకు ఇచ్చే సొమ్ము ఎవరి సలహాతో, ఏ దారిన, ఎవరి చేతికి చేరాలన్న ప్రశ్నకు స్వతంత్ర భారతంలో తొలి సమాధానాన్ని రూపొందించినవారు ఆమే. పల్లెలోని బాలింత వరకు ఆ సొమ్ము చేరాలన్నదే ఆమె తపన.

దుర్గాబాయి 1909 జూలై 15న జన్మించారు. బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. యుక్తవయసు రాగానే ఆ బంధం నుంచి ఆమె స్వయంగా తప్పుకున్నారు. విరాళం సేకరించడంలోని కష్టాన్ని తొలిసారి చవిచూసినదీ కాకినాడలోనే. 1921లో మహాత్మా గాంధీ ఆ పట్టణానికి వస్తున్నారని తెలిసి, దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలిసేలా చూడాలని ఆ పసిపిల్ల పట్టుబట్టింది. అందుకు 5,000 రూపాయల నిధి సమర్పించాలని నిర్వాహకులు షరతు పెట్టారు. సమాజం చిన్నచూపు చూసిన ఆ స్త్రీలే ఆ మొత్తాన్ని కూడబెట్టారు. సభలో గాంధీజీ హిందీ ప్రసంగాన్ని దుర్గాబాయి తెలుగులోకి అనువదించారు. డబ్బు ఉన్నవారి దగ్గరే దాతృత్వం ఉంటుందన్న నమ్మకం ఆమెలో అప్పుడే చెదిరిపోయింది.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఆమె జైలుకు వెళ్లారు. మదురై చెరసాలలో, తమపై మోపిన నేరమేమిటో కూడా తెలియని నిరక్షరాస్య మహిళా ఖైదీలను చూసి చలించిపోయారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పానికి అక్కడే బీజం పడింది. బయటికి వచ్చాక బనారస్ మెట్రిక్యులేషన్‌తో మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య, మద్రాసులో న్యాయవిద్య పూర్తిచేసి 1940లలో న్యాయవాదిగా పేరు తెచ్చుకున్నారు.

ఈలోగా మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకుంది. చదువు మధ్యలో ఆగిపోయిన యువతులకు, వితంతువులకు, భర్తల నిరాదరణకు గురైనవారికి బనారస్ మెట్రిక్ పరీక్షకు తర్ఫీదు ఇవ్వడంతో మొదలైన ఆ సంస్థ క్రమంగా ప్రసూతి సేవల వైపు, నర్సుల శిక్షణ వైపు విస్తరించింది. జమీందారుల గడప తొక్కి, వ్యాపారులను ఒప్పించి, మధ్యతరగతి ఇళ్ల నుంచి చిన్న మొత్తాలు పోగుచేసి దుర్గాబాయి దాన్ని నడిపారు. భవనానికి విరాళమిచ్చేవారు దొరికినంత సులువుగా నర్సు జీతానికి ఇచ్చేవారు దొరకరు. సేవా సంస్థ నడిపే ప్రతివారికీ అనుభవంలోకి వచ్చే ఈ చిక్కు ఆమెకు కొట్టినపిండి.

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికై ఢిల్లీ చేరారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో చోటు దక్కిన ఏకైక మహిళ ఆమే. తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓటమి ఎదురైనా ప్రధాని నెహ్రూ ఆమెను 1952లో ప్రణాళికా సంఘంలోకి తీసుకొని సామాజిక సేవల బాధ్యత అప్పగించారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది.

ఆ రోజుల్లో దేశమంతటా అనాథాశ్రమాలు, ప్రసూతి కేంద్రాలు, కుష్ఠు రోగుల ఆశ్రమాలు, అంధుల పాఠశాలలు ఎక్కువగా స్థానికుల చందాలపైనే బతికేవి. దాత కన్నుమూస్తే, జమీ పోతే సంస్థ మూతపడేది. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ మొత్తాన్ని ఒక మంత్రిత్వ శాఖ చేతికిస్తే దస్త్రాల మధ్య నలిగిపోతుందన్న భయం ఉంది. నేరుగా పంచితే పలుకుబడి ఉన్న పెద్ద సంస్థలే ఎగరేసుకుపోతాయన్న అనుమానమూ ఉంది.

దుర్గాబాయి మధ్యేమార్గాన్ని ప్రతిపాదించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమే. సొమ్ము ప్రభుత్వానిది, దాన్ని ఎవరికివ్వాలో తేల్చేది మాత్రం సేవారంగంలో తలపండిన అనధికార సభ్యులు. ఆర్థిక, ఆరోగ్య, విద్యా శాఖల ప్రతినిధులూ బోర్డులో కూర్చునేవారు. ఆ మరుసటి ఏడాది నుంచి రాష్ట్రాల్లో సలహా బోర్డులు వెలిశాయి. దరఖాస్తు పెట్టుకున్న సంస్థను సభ్యులు వెళ్లి చూడాలి, లెక్కలు పరిశీలించాలి, ఆ తర్వాతే సిఫారసు చేయాలి. గ్రాంటు పొందే సంస్థ తన వంతు నిధిని తానూ సమకూర్చుకోవాలి. ఊరివారి చేయూత ఆగిపోతే సర్కారు సాయం ఒక్కటే సంస్థను నిలబెట్టలేదన్నది ఈ చివరి నిబంధనలోని అంతరార్థం.

సంస్థలే లేని పల్లెల మాటేమిటన్న ప్రశ్న వెంటనే ముందుకొచ్చింది. అందుకు జవాబుగా 1954లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ఆరంభమయ్యాయి. సుమారు 25 గ్రామాలకు ఒక ప్రాజెక్టు చొప్పున గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనులు నేర్పే ఉపాధ్యాయిని అక్కడ పనిచేసేవారు. బాలవాడీలు, ప్రసూతి సేవలు, వయోజన స్త్రీల చదువు ఒకే చూరు కింద నడిచేవి. నిర్వహణ కమిటీల్లో స్థానిక మహిళలదే ప్రధాన పాత్ర. ఇంటి గడప దాటడమే గగనమైన రోజుల్లో ఆ స్త్రీలు ప్రజాధనానికి బాధ్యత వహించడం చిన్న మార్పు కాదు.

పని మొదలయ్యాక మరో కొరత బయటపడింది. డబ్బు ఉన్నా పల్లెకు వెళ్లే శిక్షితులు లేరు. నర్సు, మంత్రసాని శిక్షణలో చేరేందుకు కావలసిన కనీస చదువు గ్రామీణ మహిళలకు లేదు. మద్రాసులో తాను నడిపిన తరగతుల అనుభవం అప్పుడు అక్కరకొచ్చింది. 1958లో బోర్డు వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించింది. కొన్నేళ్ల చదువును తక్కువ కాలంలో ముగించి స్త్రీలు నర్సులుగా, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా మారే వీలు కలిగింది.

ఈ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. ప్రాజెక్టులను తర్వాతి కాలంలో మహిళా మండళ్లకు అప్పగించినప్పుడు, తమ వంతు నిధి కూడబెట్టలేక ఇబ్బంది పడిన మండళ్లు ఉన్నాయి. నిరుపేద గ్రామంపై సంపన్న పట్టణానికి వర్తించే షరతే పెడితే సాయం అవసరమైనచోటే ఆగిపోతుందని ఈ అనుభవం నేర్పింది.

1962లో దుర్గాబాయి బోర్డు బాధ్యతల నుంచి తప్పుకున్నారు. అదే ఏడాది ఢిల్లీలో సామాజిక అభివృద్ధి మండలి ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించారు. రాజధానిలోని అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా అంధులకు పాఠశాల, వసతిగృహం, చిన్న ఇంజినీరింగ్ కర్మశాల నెలకొల్పారు. లాల్ బహదూర్ శాస్త్రి మార్గ్‌లో ఆ సంఘం ఏటా నిర్వహించే దీపావళి బజారుకు నేటికీ ఢిల్లీవాసులు బారులు తీరతారు. అనంతరం దేశ్‌ముఖ్ దంపతులు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. మహిళా సభ అక్కడా ఆసుపత్రిని, కళాశాలలను నడిపింది. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.

ఇప్పుడు దాతృత్వానికి కొత్త పద్ధతులు వచ్చాయి. అమెరికాలో 1930ల నుంచి ఉన్న దాత సలహా నిధుల విధానంలో, దాత తన సొమ్మును ముందుగా ఒక ధార్మిక సంస్థలోని ఖాతాకు అప్పగిస్తాడు. ఏ ఆసుపత్రికి, ఏ ఆరోగ్య సంస్థకు ఎప్పుడు ఇవ్వాలో ఆ తర్వాత సూచిస్తాడు. ప్రవాస తెలుగువారిలోనూ ఈ మార్గాన్ని ఎంచుకునేవారు ఉన్నారు. అయితే ఖాతాలో చేరిన సొమ్ము రోగికి చేరేదాకా దానం పూర్తి కాదు. దాతకు సలహా ఇచ్చే హక్కు ఉన్నా, వేల మైళ్ల దూరంలోని పల్లె అవసరం అతనికి తెలియకపోవచ్చు.

దుర్గాబాయి వేసిన దారి ఇక్కడే ఉపకరిస్తుంది. ఇచ్చేముందు సంస్థను వెళ్లి చూడటం, భవనంతో పాటు నర్సు జీతాన్నీ భరించడం, స్థానికులకు నిర్ణయంలో చోటివ్వడం, ఊరి స్తోమతను బట్టి షరతు పెట్టడం అన్నవి ఏ నిధికైనా వర్తించే సూత్రాలు. సౌత్ క్యాంపస్ స్టేషన్ బోర్డుపై కనిపించే ఆ పేరు వెనుక ఉన్నది ఈ అనుభవమే.