తొంభయ్యో ఏట బేగంపేట విమానాశ్రయం: రెంజల్ వారి అభినందన

తొలి టెర్మినల్ భవనం లేచిన 1937 నుంచి లెక్క కడితే హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయానికి ఇప్పుడు తొంభయ్యో ఏడు నడుస్తోంది. ఈ శుభవేళ, ఆ ప్రాంగణంలో కొలువు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారి తరఫున, అక్కడి నుంచి గల్ఫ్‌కు ఎగిరిపోయి రెక్కల కష్టంతో ఇల్లు నిలబెట్టుకున్నవారి తరఫున, వాళ్లను సాగనంపడానికి నిజామాబాద్ జిల్లా రెంజల్, కందకుర్తి, బోధన్‌ల నుంచి జీపులు మాట్లాడుకుని కదిలివచ్చిన బంధుజనం తరఫున మా హృదయపూర్వక అభినందనలు. వయసులో పెద్దది కనుక నమస్కారం, ఇంకా చేయాల్సింది ఎంతో ఉంది కనుక దీవెన. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే సంగమం ఒడ్డు నుంచి పంపుతున్న ఈ అక్షతలు దాని రన్‌వే పొడవునా రాలుగాక!

నిజాం కాలంలో, 1930ల నాటి ఏరో క్లబ్బుతో మొదలైన చరిత్ర ఇది. సరదాగా చిన్న విమానాలు ఎగరేసిన ఆ మైదానమే క్రమంగా రాజ్యానికి ఆకాశద్వారమైంది. ఆ రోజుల్లోనే మా ప్రాంతమూ కొత్త రూపు దిద్దుకుంటోంది. మంజీరపై 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి, కాలువలు పారి, చెరకు పచ్చగా లేచింది. అక్కడ టెర్మినల్ కట్టిన 1937లోనే ఇక్కడ బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. అందుకే బేగంపేట మాకు పరాయిది కాదు, మా చక్కెర మిల్లుకు ఈడుది.

తర్వాతి అధ్యాయం దక్కన్ ఎయిర్‌వేస్‌ది. నిజాం స్టేట్ రైల్వే పెద్ద వాటాదారుగా 1945లో ఏర్పడిన ఆ సంస్థ, పట్టాల మీద జనాన్ని మోసిన అనుభవంతో డకోటా విమానాలను ఆకాశానికి ఎక్కించింది. ఆడవాళ్లు విమానం నడపడమేమిటని ఇతర సంస్థలు వెనకాడిన కాలంలో, 1947లో ప్రేమ్ మాథుర్‌కు కొలువిచ్చిన ఘనత దానిదే. దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ హైదరాబాద్ సంస్థలో చేరి ఆ కీర్తి అందుకున్నదంటే, తెలంగాణ ఆడబిడ్డలందరికీ అది పుట్టింటి గౌరవమే. 1953లో విమాన సంస్థల జాతీయీకరణ జరిగినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ మరి ఏడు సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది. పేరు మారినా పని ఆగలేదు. నవాబుల కాలం పోయి ప్రజా ప్రభుత్వం వచ్చింది, డకోటాలు పోయి జెట్‌లు వచ్చాయి, 1972లో కొత్త టెర్మినల్ లేచింది, దేశీయ ప్రయాణాలకు ఎన్టీఆర్ పేర, విదేశీ ప్రయాణాలకు రాజీవ్ గాంధీ పేర ద్వారాలు వెలిశాయి. పక్కనే వాయుసేన స్థావరం శిక్షణ పొందే యువకులతో కళకళలాడింది. ఏ దశలోనూ బేగంపేట అలసట ఎరగదు.

ఈ ఘనతలో సింహభాగం అక్కడ చెమటోడ్చిన ఉద్యోగులది. కంట్రోల్ టవర్‌లో చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని రాత్రి షిఫ్టంతా రెప్ప వాల్చనివారు, ఎండలో కాలే కాంక్రీటు మీద నిలబడి రెండు చేతుల సైగలతో విమానాన్ని గూటికి చేర్చినవారు, మెట్ల బండిని నెట్టుకొచ్చినవారు, మూటాముల్లె ఎత్తిన లోడర్లు, తెల్లారేసరికి హాలు అద్దంలా తుడిచిన తల్లులు, వీరందరి సమష్టి సేవే ఆ విమానాశ్రయం. చిన్న ప్రాంగణం కావడంతో ఒకరికొకరు ముఖం తెలిసినవాళ్లే. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ, వచ్చే చప్పుడును బట్టి అది ఏ విమానమో చెప్పగలిగిన నేర్పరులు వారిలో ఉండేవారు. ఆ శ్రమజీవులందరికీ ఈ సందర్భంగా శిరసా వందనం!

ఇక చూడవచ్చినవారి జ్ఞాపకాలకు అంతే లేదు. రసూల్‌పురా దాటుతుండగా నెత్తి మీదుగా దిగే విమానాన్ని చూసి కేకలు పెట్టని పిల్లలు మా ఊళ్లో ఎవరు? మొదట్లో గల్ఫ్ పోవాలంటే బొంబాయి దాకా పోవాల్సిందే. బేగంపేట నుంచి నేరుగా విమానాలు ఎగిరిన నాడు మా దూరం సగం తగ్గింది. ఒక్కరు పోతుంటే ఊరి సగం వెంట వచ్చేది. సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు, పసుపు పొట్లం. తాడుతో బిగించిన అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు. "పైలంగ పోయిరా బిడ్డా, చేరంగనె ఫోన్ చెయ్యి" అని అవ్వ అంటుంటే, గేటు దగ్గర జవాను కూడా మరో నిమిషం ఆగనిచ్చేవాడు. రెండేళ్లకో మూడేళ్లకో అదే గేటులోంచి పెద్దపులి బొమ్మ దుప్పటితో, టేప్ రికార్డర్‌తో, కొత్త అత్తరు వాసనతో బిడ్డ నడిచివస్తే ఇంటిల్లిపాదికీ ఆ రోజే దసరా. పెంకుటిళ్లు స్లాబులయ్యాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, తమ్ముళ్లు కాలేజీ మెట్లెక్కారు. మా పల్లెల లెక్క పుస్తకంలో బేగంపేటకు ఒక పేజీ శాశ్వతంగా ఉంటుంది.

2008 మార్చి 22 అర్ధరాత్రితో సాధారణ ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలాయి. ఇక బేగంపేట పని అయిపోయిందని పెదవి విరిచినవారు అప్పట్లో లేకపోలేదు. వారి మాట అబద్ధం చేయడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ప్రముఖుల విమానాలు, ప్రభుత్వ హెలికాప్టర్లు నేటికీ అక్కడే దిగుతున్నాయి. వైమానిక శిక్షణ సాగుతోంది. రెండేళ్లకోసారి విమాన ప్రదర్శన జరిగి, ప్రపంచమంతా అక్కడికే వస్తోంది. 2024 జనవరిలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో బోయింగ్ 777-9 అంతటి మహాకాయం మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ పాత రన్‌వే మీదే దిగింది. అదే ఏడాది మార్చి 5న 350 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో నిర్మించిన పౌర విమానయాన పరిశోధన కేంద్రాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. మనుషుల్ని మోసిన చోటే ఇప్పుడు విమానయాన విజ్ఞానం పెరుగుతోంది. చేసే సేవ మారుతున్నా సేవ మానకపోవడమే దీర్ఘాయువు రహస్యమని ఈ తొంభై ఏళ్ల పెద్దను చూసి నేర్చుకోవాలి.

ఆ పాఠం మా ప్రాంతానికి మరీ అవసరం. బేగంపేట ఈడుదైన శక్కర్‌నగర్ మిల్లు 2015 చివరలో మూతపడింది. దాని చిమ్నీ మళ్లీ పొగ వదిలి, రెంజల్ చెరకు బండ్లు మళ్లీ బారులు తీరాలని కోరుకుంటున్నాం. ఇక వరంగల్ మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. మా జిల్లా జక్రాన్‌పల్లిలోనూ విమానాశ్రయానికి స్థలం చూసి పెట్టారు. పెద్దింటి అనుభవం చిన్నింటికి అక్కరకు రావడం లోకరీతి. బేగంపేటలో ఆరితేరిన చేతులు రేపు జక్రాన్‌పల్లిలో తొలి విమానానికి దారి చూపాలి, చూపుతాయి.

బేగంపేట దినదినాభివృద్ధి చెందుగాక! అక్కడి ఉద్యోగులు ఆయురారోగ్యాలతో వర్ధిల్లుదురుగాక! అక్కడ దిగిన ప్రతి విమానం క్షేమంగా దిగుగాక, ఎగిరిన ప్రతి విమానం క్షేమంగా గమ్యం చేరుగాక! 2037లో శతవార్షికోత్సవ పందిరి వేసేనాటికి మా జిల్లా గడ్డ మీదా రన్‌వే సిద్ధమై ఉంటుందని మా ఆశ, మా నమ్మకం కూడా. ఆ పండుగకు రెంజల్ నుంచి బోధన్ చక్కెరతో చేసిన లడ్డూలు తెచ్చే బాధ్యత ఇప్పుడే మేం మీద వేసుకుంటున్నాం.

శతమానం భవతి!