జనగణమన ఒక్కటే కాదు.. మదనపల్లె నుంచి రెండు ఆర్ట్ గ్యాలరీలకు ఊపిరి పోసిన ఐరిష్ మాస్టారు

మదనపల్లె అనగానే అందరికీ గుర్తొచ్చేది టమాటా మార్కెట్, ఆ తర్వాత జనగణమన. కానీ దక్షిణాదిలో మోడర్న్ ఆర్ట్ కథలోనూ ఈ ఊరికి పెద్ద పాత్రే ఉంది. దానికి కారణం ఓ ఐర్లండ్ మాస్టారు. పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్.

ఎవరీ కజిన్స్?
1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. కవి. డబ్లిన్‌లో యేట్స్, జేమ్స్ జాయిస్ లాంటి వాళ్లతో పరిచయం ఉన్న మనిషి. 1915లో అనిబిసెంట్ పిలుపుతో భార్య మార్గరెట్‌తో కలిసి మద్రాసు వచ్చేశారు. ఆమె నడిపే న్యూ ఇండియా పత్రికలో చేరారు.

ఉద్యోగం పోయింది.. రూటు మారింది
1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలనపై ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ కజిన్స్ వ్యాసం రాశారు. అంతే, పత్రికలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆయన చేరిన చోటే మదనపల్లె థియోసాఫికల్ కాలేజీ. 1911 వరకు కడప జిల్లాలో ఉన్న ఊరు ఇది. ఇంగ్లిష్ లెక్చరర్‌గా వచ్చి, ప్రిన్సిపల్ అయ్యారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడికొచ్చారు. జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చింది ఇక్కడే. సంగీతం చదువుకున్న మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఈ సంగతి చాలామందికి తెలిసిందే. తెలియాల్సింది ఇంకోటుంది.

బొమ్మల కోసం పోరాటం
అప్పట్లో సర్కారు ఆర్ట్ స్కూళ్లలో యూరప్ పద్ధతిలో గీస్తేనే గొప్ప. మన బొమ్మకు విలువ లేదు. కలకత్తాలో అవనీంద్రనాథ్ టాగూర్, నందలాల్ బోస్ లాంటి వాళ్లు అజంతా, మొఘల్ చిత్రాల దారిలో కొత్తగా గీస్తున్నారు. దక్షిణాదిలో వాళ్ల గురించి తెలిసినవాళ్లు తక్కువ. కజిన్స్ 1916లోనే ఆ చిత్రాలను మద్రాసు తెప్పించి ఎగ్జిబిషన్ పెట్టించారు. పత్రికల్లో వ్యాసాలు రాశారు, ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. 1918లో ఆయన రాసిన పుస్తకం భారతీయ పునరుజ్జీవనంపైనే. దాన్ని చదివిన అరవిందులు అదే అంశంపై వరుస వ్యాసాలు రాశారు. తర్వాత జపాన్ వెళ్లి కియో యూనివర్సిటీలోనూ కొన్నాళ్లు పాఠాలు చెప్పారు కజిన్స్.

రాజులను ఒప్పించి..
బొమ్మలు రాజమహళ్లలో దాచుకోడానికి కాదు, జనం చూడ్డానికి అన్నది ఆయన పట్టుదల. 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఆర్ట్ గ్యాలరీ ఏర్పాటు వెనక ఉన్నది ఆయనే. తర్వాత తిరువాంకూరు సంస్థానం ఆయన్ను కళా సలహాదారుగా పెట్టుకుంది. 1935లో తిరువనంతపురంలో శ్రీచిత్రా గ్యాలరీ తెరుచుకుంది. అక్కడ రవివర్మ చిత్రాలుండేవి, బెంగాల్ చిత్రాలున్నాయి. రష్యన్ చిత్రకారుడు రోరిక్ హిమాలయాలు, చైనా, జపాన్, టిబెట్, బాలి బొమ్మలూ ఉన్నాయి. ఆసియా అంతా ఒకే కప్పు కింద అన్నమాట. ఇప్పుడు క్యురేటర్ అని పిలిచే పని అదే. కజిన్స్ దాన్ని తొంభై ఏళ్ల కిందటే చేసి చూపించారు.

చివరి మజిలీ ఇక్కడే
ఎన్ని దేశాలు తిరిగినా ఆయన మదనపల్లెను వదల్లేదు. 1930లలో మళ్లీ అదే కాలేజీకి ప్రిన్సిపల్‌గా వచ్చారు. స్వాతంత్ర్యోద్యమంలో, మహిళల హక్కుల పోరాటంలో జైలుకెళ్లిన మార్గరెట్ 1954లో కన్నుమూశారు. రెండేళ్లకే, 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలోనే కజిన్స్ తుదిశ్వాస విడిచారు.

మైసూరు, తిరువనంతపురం టూర్‌కెళ్లే సీమవాసులు ఎందరో ఆ గ్యాలరీలు చూసే వస్తారు. ఆ గోడల మీద బొమ్మలు చేరడం వెనక మన మదనపల్లె మాస్టారు ఉన్నారని మాత్రం తెలిసినవాళ్లు తక్కువే. ఈసారి వెళ్తే ఆ పేరు గుర్తు పెట్టుకోండి.