అవధాన కవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

కొన్ని అక్షరాలు ఇచ్చి, అవి ఉన్న ఇంగ్లీషు మాటలను వెతకమనే ఆట మీలో చాలామంది ఆడి ఉంటారు. మాట తోచకపోతే నిఘంటువు తిరగవేయవచ్చు. కాగితం మీద రాసి, కొట్టివేసి, మళ్ళీ రాసుకోవచ్చు. తెలుగులో ఇంతకంటె కఠినమైన ఆట ఒకటి ఉంది. అందులో కాగితం ఉండదు, కలం ఉండదు, నిఘంటువు ఉండదు. దొరికిన మాట ఛందస్సులో ఇమడాలి. పద్యానికి అర్థం కుదరాలి. దానిని నిండుసభలో అప్పటికప్పుడు చెప్పాలి. ఇదే అవధానం. ఈ విద్యకు ఊరూరా ఆదరణ కలిగించిన జంటకవులు తిరుపతి వేంకటకవులు. వారిలో ఒకరు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు.

వీరు 1870లో తూర్పుగోదావరి జిల్లా కడియంలో జన్మించారు. వీరి బాల్యం, చదువు చాలావరకు యానాంలో గడిచాయి. గౌతమీ తీరాన ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండేది. పాలకుల భాష వేరైనా, అక్కడి ఇళ్ళలో, వీధులలో తెలుగే వినిపించేది. సంస్కృతాంధ్రాలు చదివిన పండితులూ అక్కడ ఉండేవారు. అటువంటి చోట పెరిగిన వేంకటశాస్త్రిగారు చిన్నతనంలోనే పద్యాలల్లడం నేర్చుకున్నారు.

యానాంలో ఉండగానే వీరు వేంకటేశ్వరస్వామిపై ఒక శతకం చెప్పారు. అందులోని వ్యాకరణదోషాలను పండితులు ఎత్తిచూపారు. యువకవికి అది చిన్న దెబ్బ కాదు. అయినా ఆయన పద్యాలు మానలేదు. వ్యాకరణం క్షుణ్ణంగా చదవాలని పట్టుపట్టారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద శిష్యరికం చేశారు. కాశీకి వెళ్ళి చదవాలనుకున్నారు గాని, చేతిలో డబ్బు లేదు. అప్పుడు అవధానం చేసి, ప్రయాణానికి కావలసిన ధనం సంపాదించుకున్నారు. ఆ విధంగా అక్షరాలతో ఆడిన ఆటే ఆయన చదువుకు దారి చూపింది.

అష్టావధానంలో ఎనిమిదిమంది, శతావధానంలో నూరుమంది పృచ్ఛకులు ఉంటారు. పృచ్ఛకులంటే ప్రశ్నలు అడిగేవారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెబుతూ పోతాడు. చివరకు అన్ని పద్యాలనూ వరుసగా అప్పగిస్తాడు. దీనిని ధారణ అంటారు. ఈ ప్రశ్నలలో అక్షరాలకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి.

న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఏ పాదంలో ఎన్నవ చోట ఏ అక్షరం రావాలో చెబుతాడు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. ఏడవ అక్షరం 'ఝ' కావాలని అడిగారనుకోండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది అక్షరాలు మూడూ లఘువులే కావాలి. 'ఝషము' అంటే చేప. ఆ మాట అక్కడ సరిగా ఇముడుతుంది. కాని ఆ మాట తెలిసినవారికే తోస్తుంది. తోచిన తరువాత పద్యంలోకి చేప రావడానికి తగిన సందర్భాన్నీ కల్పించాలి.

నిషిద్ధాక్షరి మరీ కష్టం. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత రాగలదనుకున్న అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. అవధాని 'రా' అంటే, రాముడు వస్తాడేమోనని మకారాన్ని నిషేధించవచ్చు. అప్పుడు అవధాని 'జ' అంటాడు. వకారం కాదంటే రాజశేఖరుడున్నాడు, శకారం కాదంటే రాజవరుడున్నాడు. ఒక దారి మూస్తే మరొక దారి తెరవగల పదసంపద ఉన్నవాడే అవధాని కాగలడు.

దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు మాటలిచ్చి, వాటితో పద్యం చెప్పమంటాడు. ఇంగ్లీషు మాటలను ఇచ్చేవారూ ఉన్నారు. 'కారు' అని ఇస్తే కారుచీకటిలో దానిని ఇమిడ్చవచ్చు. 'బాలు' అంటే ఆడుకునే బంతి అనుకుంటాం. అది 'బాలుడు'లో ఒదిగిపోతుంది. పరభాషాపదం తెలుగుమాటలో కలిసిపోయినప్పుడు సభ్యులు ఆనందిస్తారు.

బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్దనే చదువుకున్న దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు వేంకటశాస్త్రిగారికి మిత్రులయ్యారు. ఆయన 1872లో జన్మించారు. ఇద్దరూ ఇకమీదట ఏమి రాసినా జంటగానే రాయాలని నిశ్చయించుకున్నారు. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి, వేంకటగిరి మొదలైన సంస్థానాలలో అవధానాలు చేసి సన్మానాలు పొందారు. తమను ఓడించినవారు ఎదురైతే తీసివేస్తామని, మీసాలు పెంచి మరీ సవాలు చేశారు. అవధానంతో ఆగక కావ్యాలు, నాటకాలు రచించారు. వారి పాండవోద్యోగవిజయాలలోని పద్యాలు పల్లెలలో చదువురానివారి నోటికి కూడా వచ్చాయి.

1920లో తిరుపతిశాస్త్రిగారు మరణించారు. ఆ తరువాత వేంకటశాస్త్రిగారు దాదాపు 30 సంవత్సరాలు జీవించారు. ఒంటరిగా రాసిన రచనలను కూడా జంట పేరుతోనే ప్రకటించారు. తనకు రావలసిన కీర్తిలో సగాన్ని లేని మిత్రునికి పంచి ఇచ్చిన స్నేహం అది.

వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వంటి ప్రసిద్ధులు వీరి శిష్యులు. ఒకప్పుడు తన పద్యాలలోని తప్పులను ఇతరులు దిద్దగా, తరువాత తాను ఎందరి పద్యాలనో దిద్దారు. 1949లో మద్రాసు ప్రభుత్వం వీరిని ఆస్థానకవిగా నియమించింది. 1950లో వీరు పరమపదించారు.

అవధాని వెతికే మాట ఏ పుస్తకంలోనూ ఆ క్షణాన అతనికి దొరకదు. విన్నది, చదివినది, వల్లెవేసినది మనసులో నిలిచి ఉంటేనే అది నాలుకపైకి వస్తుంది. తెలుగునాటికి వెలుపల పెరిగే పిల్లలకు ఇది మరింత అవసరం. వీధిలో వినిపించని మాటను ఇంటిలోనూ బడిలోనూ పలుకుతూ ఉంటేనే అది మన వద్ద నిలుస్తుంది. వేంకటశాస్త్రిగారు ఫ్రెంచి యానాంలో ఉంటూ తెలుగు మాటలను కూడబెట్టుకున్నారు. నూరుమంది అడిగినా తరగనంత కూడబెట్టారు.