దొమ్మ రోగం గుట్టు విప్పిన పాశ్చర్

దొమ్మ రోగం సంగతి గొర్రెల కాపరికి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున మేతకు తోలిన గొర్రె మాపటికి కూలిపోతుంది. ముక్కు నుంచీ నోటి నుంచీ నల్లటి నెత్తురు కారుతుంది, గడ్డకట్టదు. ఒకదానితో ఆగదు, మందకు మందే పోతుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు రైతులదీ ఇదే గతి. కొన్ని బీళ్లకు శాపం తగిలిందని, అక్కడ మేపితే మంద దక్కదని పల్లెజనం చెప్పుకునేవారు. ఆ శాపం గుట్టు విప్పి, విరుగుడు చూపినవాడు లూయీ పాశ్చర్.

1822 డిసెంబరు 27న దోల్ అనే పట్టణంలో పుట్టాడు. తండ్రి తోళ్లు పదును చేసేవాడు. మన దేశంలో ఆ పని చేసేవాళ్లను ఊరి బయటికి నెట్టారు, వాళ్ల బిడ్డలకు చదువు అందనివ్వలేదు. అక్కడ ఆ పనికి అంటు కట్టలేదు గనుక కుర్రవాడు బడికి పోయాడు, పారిస్ దాకా వెళ్లి రసాయన శాస్త్రం చదివాడు. ఆయన డాక్టరు కాదు, పశువుల డాక్టరూ కాదు. ద్రాక్షసారా ఎందుకు చెడిపోతోంది, పట్టుపురుగులు ఎందుకు చస్తున్నాయి అని పనివాళ్ల, రైతుల కష్టాల వెంటబడి సూక్ష్మక్రిముల దగ్గరికి చేరాడు. ముగ్గురు కూతుళ్లు చిన్నతనంలోనే పోయారు. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడింది. అయినా పని ఆపలేదు.

1879లో కోళ్లకు వచ్చే ఒక తెగులు మీద పనిచేస్తున్నారు. ఆ క్రిములను పెంచిన రసం కొన్ని వారాలు అలాగే ఉండిపోయింది. ఆ పాత రసం ఎక్కించిన కోళ్లు కాస్త జబ్బుపడి తేరుకున్నాయి. వాటికే తర్వాత తాజా క్రిములు ఎక్కిస్తే చావలేదు. కొత్త కోళ్లు మాత్రం చచ్చాయి. నీరసించిన క్రిమి బలమైన క్రిమిని ఎదిరించడం నేర్పిందన్నమాట!

ఎలా నేర్పింది? మన నెత్తురులో తెల్ల కణాలున్నాయి. అవి ఒంటికి కాపలాదార్లు. ప్రతి క్రిమికీ పైన కొన్ని గుర్తులుంటాయి. ఆ గుర్తులను పట్టగల కణాలు మొదట కొద్దిగానే ఉంటాయి. అవి పెరిగి, క్రిమిని కట్టిపడేసే పదార్థాలు తయారుచేయడానికి వారం, పదిరోజులు పడుతుంది. బలమైన క్రిమి ఆ లోపలే ప్రాణం తీస్తుంది. నీరసించిన క్రిమి తీయలేదు. పోరు ముగిశాక కొన్ని కణాలు ఆ గుర్తును మరవకుండా మిగిలిపోతాయి. దొంగను ఒకసారి చూసిన కాపలావాడు రెండోసారి నడకను బట్టే పడతాడు గదా, అలాగే. టీకా అంటే ఇదే. ఇదంతా పాశ్చర్‌కు తెలియదు. తెల్ల కణాలు క్రిములను మింగుతాయని తేల్చినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్. తర్వాత ఆయన పాశ్చర్ సంస్థలోనే పనిచేశాడు.

దొమ్మ క్రిమి జీవితాన్ని 1876లోనే జర్మనీ డాక్టరు కోహ్ బయటపెట్టాడు. పాతిపెట్టిన కళేబరాల నుంచి ఈ క్రిమి విత్తులు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయని, మళ్లీ పైకి వచ్చి గడ్డికి అంటుతాయని పాశ్చర్ చూపించాడు. బీడుకు తగిలిన శాపం అదే!

1881 మే నెలలో పూయీ-ల-ఫోర్ అనే పల్లెలో అందరి ఎదుటా పరీక్ష పెట్టారు. 24 గొర్రెలకు, ఒక మేకకు, 6 పశువులకు మే 5న ఒకసారి, 17న మరోసారి టీకా వేశారు. మరో 24 గొర్రెలను, ఒక మేకను, 4 పశువులను అలాగే వదిలేశారు. మే 31న అన్నిటికీ బలమైన దొమ్మ క్రిములు ఎక్కించారు. జూన్ 2న జనం వచ్చి చూస్తే టీకా వేసిన గొర్రెలు నిలబడి ఉన్నాయి. వేయని గొర్రెల్లో ఆ సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇందులో ఒక మచ్చ కూడా ఉంది. ఆ రోజు వాడిన టీకా పాశ్చర్ లోకానికి ప్రకటించిన పద్ధతిలో చేసింది కాదు. ఆయన సహాయకుడు షాంబెర్లాన్ రసాయనంతో తయారుచేసింది. తూసాన్ అనే పశువైద్యుడు అంతకు ముందు ఏడాదే అటువంటి దారి తొక్కాడు. పాశ్చర్ ఈ సంగతి బయటికి చెప్పలేదు. ఆయన ప్రయోగాల పుస్తకాలు చాలాకాలానికి బయటపడ్డాకే లోకానికి తెలిసింది. పేరు ఒకరిదైనా శ్రమ పదిమందిదని మనం గుర్తుంచుకోవాలి.

1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేసి బతికించాడు. 1886లో పిచ్చితోడేలు కరిచిన 19 మంది రష్యా పల్లెజనం స్మొలెన్స్క్ నుంచి పారిస్ వచ్చారు. 16 మంది బతికి ఇళ్లకు పోయారు. ఆ విషం నరాల వెంబడి మెల్లగా మెదడుకు ఎక్కుతుంది గనుక, కరిచాక కూడా ఒంటికి నేర్పే వ్యవధి ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆ వ్యవధి పోతుంది. పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు.

దొమ్మతో చచ్చిన గొడ్డును కోసేదీ, తోలు ఒలిచేదీ కూలివాడే. చేతి గాటులోంచి క్రిమి ఎక్కితే నల్లటి పుండు లేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆ కళేబరాన్ని కోయవద్దు, మాంసం పంచుకోవద్దు. మేత బీళ్లకు దూరంగా లోతున పాతాలి, లేదా కాల్చాలి. దొమ్మ వచ్చే ఊళ్లలో ఏటా వానలకు ముందే మందకు టీకా పడాలి. మంద చచ్చాక వచ్చే టీకా చచ్చినవాటిని లేపలేదు. ఊరంతా కలిసి పశువుల ఆసుపత్రికి ముందే కబురు పెట్టండి, రాకపోతే వెళ్లి అడగండి.