ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

1957వ సంవత్సరంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక యువకుడు తన వివాహ నమోదు సమయంలో వృత్తి ‘ప్రోగ్రామర్’ అని తెలిపాడు. అటువంటి వృత్తి ఒకటి ఉన్నదని అధికారులు అంగీకరించలేదు. చేసేది లేక భౌతికశాస్త్రజ్ఞుడనని వ్రాయించవలసివచ్చింది. ఆ వరుడే ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా.

ఆయన 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్‌లో జన్మించారు. తండ్రి రసాయనశాస్త్రజ్ఞుడు, తల్లి గణితంలో ప్రవీణురాలు. లైడెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసిస్తూ 1952లో ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రంలో ఉద్యోగిగా చేరారు. 1956లో ఒక కాఫీశాల వద్ద కూర్చుని, కాగితమూ కలమూ లేకుండానే, రెండు ఊళ్ల నడుమ అతి దగ్గర దారిని కనుగొనే పద్ధతిని ఇరవై నిమిషాలలో ఊహించారు. లోకం ఆయనను ఎక్కువగా ఎరిగినది దానివల్లనే. అయితే ఆయనను చిరకాలం వెంటాడిన సమస్య వేరు.

ఆనాటి కంప్యూటరు ఒక సమయంలో ఒక పనే చేసేది. అచ్చు పరికరం నిదానంగా పనిచేస్తుంటే అది ఊరక వేచి ఉండేది. ఈ కాలవ్యయాన్ని నివారించడానికి సహచరులైన లూప్‌స్ట్రా, స్కోల్టెన్ ‘ఎక్స్-1’ అనే కొత్త యంత్రంలో అంతరాయ సౌకర్యాన్ని కల్పించ సంకల్పించారు. పరికరం సిద్ధమైన క్షణంలో నడుస్తున్న ప్రోగ్రామును ఆపి, దాని పని చూసి, తిరిగి పాత పనిని అందుకోవడం దాని పద్ధతి. ఈ మాట వినగానే డైక్‌స్ట్రా భయపడ్డారు. ఆ అంతరాయం ఏ రెండు ఆదేశాల మధ్యనైనా రావచ్చు. నేడు వచ్చిన చోట రేపు రాదు. దానివల్ల పుట్టిన దోషం మళ్లీ కంటపడకపోవచ్చు. కంటపడని దోషాన్ని దిద్దేదెట్లా? కొంతకాలం ఎదిరించి, చివరకు సహచరుల పొగడ్తలకు లొంగి ఒప్పుకున్నారు. ఆ పనిమీదనే 1959లో డాక్టరేటు పొందారు.

ఆ భయంలోని సత్యం మన గుంటూరు మిర్చి యార్డును తలచుకుంటే బోధపడుతుంది. ఒక కొట్టు ఖాతాలో 500 టిక్కీల నిల్వ ఉన్నదనుకుందాం. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి ఆ అంకె చూశారు. 40 వచ్చాయని ఒకరు 540గా, 60 వచ్చాయని మరొకరు 560గా దిద్దారు. ఉండవలసినవి 600. ఇద్దరి కూడికా సరైనదే; ఖాతా మాత్రం తప్పింది. ప్రోగ్రాము కుప్పకూలిన క్షణంలో కంప్యూటరు స్మృతిని యథాతథంగా దింపుకొనే ప్రతిని ‘క్రాష్ డంప్’ అంటారు. ఏ పని ఎక్కడ ఆగిందో అది చూపుతుంది గాని, అక్కడికి ఏ వరుసలో చేరిందో చూపదు. పైగా ఒక గుమాస్తా చురుకైనవాడైతే ఏడాది పొడవునా ఈ తప్పు దొర్లకపోవచ్చు. అతని స్థానంలో నిదానస్థుడు వచ్చిన నాడు బయటపడవచ్చు. ఒక కంప్యూటరులో ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రాము మరొకదానిలో కూలడానికి ఇదీ ఒక కారణం.

1962లో ఐండ్‌హోవెన్‌లో ఆచార్యులైన డైక్‌స్ట్రా దీనికి మార్గం కనుగొన్నారు. ఒకరు ఖాతా పట్టుకున్నంతసేపు మరొకరు ఆగాలి. పని ముగియగానే సంకేతమివ్వాలి. రైలు సిగ్నలుకు వాడే ‘సెమఫోర్’ అన్న మాటనే ఈ సాధనానికి పేరుగా పెట్టారు. ఏ పని ఎంత వేగంగా సాగుతుందన్న ఊహపై ప్రోగ్రాము ఆధారపడరాదని నియమం పెట్టుకున్నారు. చిన్న బృందంతో నిర్మించి, 1968లో వివరాలు ప్రకటించిన వ్యవస్థను అంతస్తులుగా విభజించి, దాని సక్రమత్వాన్ని ముందే తర్కించి నిరూపించారు. పరీక్షలలో చిల్లర పొరపాట్లు తప్ప వేరేవి బయటపడలేదు.

ఈ పట్టుదల ఒకింత అతిగానే తోస్తుంది. వందలమంది కలిసి వ్రాసే ప్రోగ్రాములలో ప్రతి అడుగునూ ముందే నిరూపించడం అందరికీ సాధ్యపడలేదు. డంపులు చదివే శ్రమ నేటికీ తప్పలేదు. అయితే ఆ చదివేవారు వెతికేది తరచు సెమఫోర్ ఉండవలసి లేకపోయిన చోటునే.

1972లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 1984 నుండి అమెరికాలోని ఆస్టిన్‌లో బోధించారు. కంప్యూటరు శాస్త్రానికి బాట వేసిన ఈయన తన వ్యాసాలను కలంతోనే వ్రాసి, వరుస సంఖ్య వేసి, నకళ్లు తీయించి మిత్రులకు పంపేవారు. అవి 1300కు పైగా ఉన్నాయి. 2002లో స్వదేశానికి తిరిగివెళ్లి, ఆగస్టు 6న న్యూనెన్‌లో మరణించారు. పలు కంప్యూటర్ల మధ్య పంచుకొని సాగే గణనలపై ఉత్తమ పరిశోధనకు ఇచ్చే బహుమతికి 2003లో ఆయన పేరు పెట్టారు.