చార్మినార్‌ను గాజు పలకల మీద దాచిన ముసవ్విర్ జంగ్

జోగిపేట నుంచి సిటీకి పోయినప్పుడల్లా చార్మినార్ ముందు నిలబడి ఒక ఫోటో దిగుతాం. అదే చార్మినార్‌ను 130 ఏళ్ల కింద పెద్ద కెమెరాతో తీసినాయన రాజా లాలా దీన్ దయాళ్. ఆయన తీసిన నవాబుల ఫోటోలు, వేట ఫోటోలు అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆయన తీసిన కట్టడాల ఫోటోలే ఎక్కువ విలువైనవి అనిపిస్తాయి.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. అక్కడ ఎస్టిమేట్లు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. కెమెరా తరువాత పట్టారు. అందుకేనేమో, ఆయన ఫోటోల్లో గోడలు నిటారుగా నిలబడతాయి. కట్టడం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న జాగా కూడా కనిపించేంత దూరం నుంచి తీసేవారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతమంతా తిరిగి పాత కట్టడాలను ఫోటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి.

1880ల చివర్లో హైదరాబాద్ వచ్చి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆయన్ను దర్బారు ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుని, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. పర్దాలో ఉండే బేగంల కోసం 1892లో జనానా స్టూడియో కూడా తెరిచారు. దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ నడిపారు.

ఇక ఆయన కాలం నాటి ఫోటోలతో పట్టణం ఎలా మారిందో ఎట్ల కనిపెట్టొచ్చో చూడండి. చార్మినార్‌కు గడియారాలు పెట్టింది 1889లో. ఫోటోలో గడియారం ఉంటే అది ఆ తరువాతిది, లేకుంటే ముందుది. ఇప్పుడు మనం నడిచే పత్తర్‌గట్టీ రాతి కమాన్ల వరస అప్పటికి లేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి సిటీని ముంచాక, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ బజారును మార్చింది. హైకోర్టు, ఉస్మానియా దవాఖానా కూడా ఆ తరువాతవే. నది ఒడ్డు అంతకుముందు ఎట్ల ఉండేదో మాటల్లో చెబితే ఎవరి ఊహ వాళ్లది. ఫోటో ఉంటే గోడ ఎక్కడిదాకా ఉందో లెక్క తెలుస్తుంది.

బషీర్‌బాగ్ ప్యాలెస్‌దీ ఇదే కథ. పేరు ఇప్పటికీ బస్సు బోర్డుల మీద ఉంది, ప్యాలెస్ మాత్రం లేదు. పాత ఫోటోలే దిక్కు.

ఫోటో అంటే మొదట్లో చాలా కష్టమైన పని. గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి కడగాలి. కాబట్టి గుడారం, సీసాలు, నీళ్లు వెంట మోసుకుపోవాలి. ఎక్స్‌పోజర్‌కు కూడా టైం పట్టేది. కదిలే మనుషులు మసకబారేవాళ్లు, ఒక్కోసారి అసలే కనిపించేవాళ్లు కాదు. అందుకే ఆ కాలం ఫోటోలో బజారు ఖాళీగా కనిపిస్తే, అక్కడ జనం లేరని అనుకోవద్దు.

1896లో ముంబైలోనూ స్టూడియో తెరిచారు. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా ఇదే పనిలో ఉన్నారు. 1904లో ధరమ్‌చంద్ చనిపోయారు. మరుసటి ఏడు, 1905 జూలైలో, ముంబైలో దీన్ దయాళ్ కూడా వెళ్లిపోయారు. మూసీ వరద ఆయన చూడలేదు.

ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857ను ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో తీసుకుని భద్రపరిచింది. 2006లో ఆయన పేరున తపాలా బిళ్ల కూడా వచ్చింది.