దోర్నకల్ బిషప్ అజరయ్య గారు

ప్రత్యేక సంచికకు ఒక పెద్దాయన జీవితం రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. అందరికీ పేరు తెలిసి, వివరాలు అంతగా తెలియని ఒకరిని ఎంచుకున్నాను. వరంగల్ - విజయవాడ లైనులో దోర్నకల్ జంక్షన్ మీదుగా ప్రయాణం చేయనివారు మనలో తక్కువ. ఆ చిన్న ఊరి పేరు దేశదేశాల క్రైస్తవులకు తెలిసిందంటే అది వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి వల్లనే. నేను క్రైస్తవుణ్ణి కాను. కానీ ప్రార్థన మనిషినీ ఊరినీ ఎలా బాగుచేయగలదో తెలుసుకోవడానికి ఆయన జీవితం అందరికీ పనికొస్తుందని నా నమ్మకం.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో పుట్టారు. తండ్రి ఆ పల్లెలో పాదిరి. ఆయన త్వరగా పోవడంతో పిల్లవాడి పెంపకం తల్లి మీద పడింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ, పరీక్షల వేళ జబ్బుచేసి పట్టా చేతికి రాలేదు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊళ్ళు తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్ళి, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో బోధకులను పంపడం చూశారు. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో అటువంటి సంఘం పెట్టించారు. మన మనుషులు, మన డబ్బు, మన పెత్తనం అన్నది దాని నియమం. ఆ సంఘం పని మొదలుపెట్టిన చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇతరులను పంపి తాను ఇంట్లో కూర్చోవడం ఇష్టంలేక, 1909లో గురుపట్టం పొంది, ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకుంటూ ఇక్కడికే వచ్చేశారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ఒక చేదు మాట చెప్పారు. తెల్ల మిషనరీలు మనవారితో కలిసి పనిచేస్తారు గానీ, స్నేహితులుగా ఇంటికి పిలిచి సాటివారిగా కూర్చోబెట్టుకోరని. సభలో కొందరికి కోపం వచ్చిందట. రాదా మరి! అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను దోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన గొప్పతనం పదవిలో లేదు, పల్లెల్లో చేసిన పనిలో ఉంది. ఆయన సంఘంలో అధికులు మాల, మాదిగ కూలీలు. ఎడ్లబండి మీద ఆ పల్లెలన్నీ తిరిగారు. వాళ్ళ శత్రువులు నాలుగని చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. సహకార శాఖలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఉన్నవాణ్ణి కనుక అప్పు దగ్గర నా కలం కాస్త ఆగుతుంది. పెళ్ళికి చేసిన అప్పు కొడుకు తరానికి కూడా తీరకపోవడం లెడ్జర్లలో ఎన్నోసార్లు చూశాను. ఆరాధన వేరు, ఇంటి జమాఖర్చు వేరు అని అజరయ్య గారు అనుకోలేదు. తాగుడు మానకుండా, ఒళ్ళూ ఇల్లూ శుభ్రం చేసుకోకుండా చేసే భక్తి ఆయన దృష్టిలో సగం భక్తి.

అంత పేదలకు కూడా ఆయన ఇవ్వడం నేర్పారు. అన్నం వండేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం వేరే కుండలో వేస్తుంది. అది చర్చికి చేరుతుంది. కోతల పండుగకు ధాన్యం, కోళ్ళు, కూరగాయలు తెస్తారు. పేదల దగ్గర వసూలేమిటని మనకు అనిపించవచ్చు. కానీ తరతరాలుగా చేయి చాచి నిలబెట్టిన మనిషి, తానూ ఒకరికి ఇవ్వగలనని తెలుసుకుంటే అతని నడకే మారుతుంది. ఈ విషయం మీద ఆయన ఒక పుస్తకం కూడా రాశారు. బాప్తిస్మం పొందినవారి చేత సొంత తల మీద చేయి పెట్టించి, తమ విశ్వాసాన్ని ఇరుగుపొరుగుకు చెప్తామని ప్రమాణం చేయించేవారు. చదువురాని కూలీ కూడా ఒక బాధ్యత గలవాడయ్యాడు.

అన్నిటికన్నా కష్టమైన పని మాల మాదిగలను ఒక పంక్తిలో కూర్చోబెట్టడం. బాప్తిస్మం తీసుకున్నా కంచాల దగ్గర కులం పోలేదు. ఎడిన్‌బరోలో తెల్లవారిని అడిగిందే ఇక్కడ తనవారినీ అడిగారు. అంతటా నెగ్గారని చెప్పలేం, కానీ ఆ మాట వదిలిపెట్టలేదు.

మతం మార్పిడి విషయంలో గాంధీగారితో ఆయనకు గట్టి భేదాభిప్రాయం ఉండేది. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని స్పష్టంగా చెప్పినవారు ఆయనే. ఏళ్ళ తరబడి కట్టించిన దోర్నకల్ పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. అందులో హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు కూడా కనిపిస్తాయి. రైలు దిగి చూడవలసిన చోటు.

1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు సంఘాలను కలపాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాతికేళ్ళు పాటుపడ్డారు. ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. అది చూడటానికి ఆయన లేరు.